వెనక సీట్లో రాష్ట్రపతి

2022 డిసెంబరు 27. నారాయణగూడ చౌరస్తాలో మీ బండి ఆపేశారు. ముందు తాడు పట్టుకుని కానిస్టేబుళ్లు, తాడుకు అవతల ఖాళీ రోడ్డు. హైదరాబాద్‌లో పట్టపగలు రోడ్డు ఖాళీగా కనిపించిందంటే ఎవరో చాలా పెద్దవాళ్లు వస్తున్నట్టే. పక్కన ఆటో అతను ఇంజన్ ఆపేసి ఫోన్లో తల దూర్చాడు. స్కూటీ వెనక కూర్చున్న పాప డబ్బా మూత తీసి, అమ్మ చూడకుండా ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఎవరొస్తున్నారన్నా?"

"రాష్ట్రపతి. కేశవ్ మెమోరియల్‌కి" అన్నాడు కానిస్టేబుల్, మీ వైపు తిరగకుండానే.

కేశవరావు కోరట్కర్ జ్ఞాపకంగా 1940లో పెట్టిన విద్యాసంస్థ అది. అక్కడి విద్యార్థులతో మాట్లాడటానికి ద్రౌపదీ ముర్ము వస్తున్నారు. శీతకాలం విడిది కోసం బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో దిగారు. నల్లకార్ల వరుస మీ ముందు నుంచి వెళ్లిపోతుంది. తాడు వదలగానే ఆటోలు, బస్సులు, బైకులు ఒక్కసారిగా హారన్లు కొడతాయి. అంతే, రాష్ట్రపతి సంగతి అందరూ మరిచిపోతారు.

మీరు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. నిన్న ఆమె శ్రీశైలంలో మల్లన్న దర్శనం చేసుకున్నారు. రేపు భద్రాచలం, అటునుంచి రామప్ప. బొల్లారం నుంచి నారాయణగూడకు ట్రాఫిక్ ఆపి తీసుకురావచ్చు. నల్లమల ఘాట్ రోడ్డునూ గోదావరి తీరాన్నీ అలా ఆపుకుంటూ తిప్పలేరు. అందుకే అక్కడికి హెలికాప్టర్. ఎల్లుండి పేపర్లో ఆమె మెట్లు దిగుతున్న ఫొటో వస్తుంది. స్వాగతం చెప్పిన మంత్రులు, కలెక్టర్, పూజారులు, అందరి పేర్లూ వేస్తారు. ఆ ఫొటోలో అద్దం వెనక కనీకనిపించని రెండు తలలు ఉంటాయి. వాటికి పేర్లుండవు.

ఆ సీటు దాకా వెళ్దాం రండి. ఎక్కడో ఢిల్లీలో కాదు, దారి ఇక్కడి నుంచే ఉంది.

మీకు ఇరవై రెండేళ్లు అనుకోండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు ఇంకా తెరవలేదు. గేటు ముందు మనుషుల కంటే ముందు బ్యాగులు వరుస కట్టాయి. కుర్చీ దొరకాలంటే బ్యాగు ముందుండాలి, ఇక్కడి చట్టం అది. పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ యాసలు అన్నీ ఒకే టీకొట్టు దగ్గర కలుస్తాయి. గ్రూప్-1 వాళ్లు, గ్రూప్-2 వాళ్లు, ఎస్సై వాళ్లు, డీఎస్సీ వాళ్లు. మీ చేతిలో పుస్తకం చూసి పక్కనున్న అన్న కనుబొమలు ఎత్తుతాడు. "ఏఎఫ్‌క్యాటా? గదేం ఎగ్జామ్ తమ్మీ?"

చెప్తారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసర్ల పరీక్ష. రెండు గంటలు, వంద ప్రశ్నలు, మూడు వందల మార్కులు. ఏడాదికి రెండుసార్లు. ఫ్లయింగ్ బ్రాంచికి ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల లోపు వాళ్లే. అన్న వయసు ముప్పై దాటింది. నవ్వి, "నీకు రెండేండ్లల్ల అయితదో కాదో తేలిపోతది, అదృష్టవంతుడివి" అంటాడు. అందులో వెటకారం లేదు.

అశోక్‌నగర్ సందులో మీ రూము. నాలుగు మంచాలు, ఒక ఫ్యాన్. కింద జిరాక్స్ షాపు, పక్కన కర్రీ పాయింట్, ఎదురుగా నిలువెత్తు ఫ్లెక్సీలో నవ్వుతున్న ర్యాంకర్లు. ఆ ఫ్లెక్సీల్లో కలెక్టర్లు అయినవాళ్లు ఉంటారు, డీఎస్పీలు ఉంటారు. పైలట్లు కనిపించరు. కోచింగ్‌తో పూర్తిగా కొట్టలేని పరీక్ష కదా ఇది. రాత్రి రూమ్మేట్లు మిమ్మల్ని గోడకు ఆనించి టేపుతో కొలుస్తారు. ఎత్తు 162.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కాళ్ల పొడవు 99కి తగ్గకూడదు, 120 దాటకూడదు. తొడ పొడవు 64 దాటకూడదు. "అరే, పెండ్లిచూపులకు కూడా ఇన్ని కొలతలు లేవురా" అని ఒకడు నవ్వుతాడు. కాక్‌పిట్‌కు మీరు సరిపోవాలి, అది మీకోసం సాగదు.

కాచిగూడలో మైసూరు రైలెక్కుతారు. నారాయణగూడ నుంచి స్టేషన్‌కు ఆటోలో అయిదు నిమిషాలు. మైసూరు సెలక్షన్ బోర్డులో అయిదు రోజులు ఉండాలి. కానీ మొదటి మధ్యాహ్నానికే ఎక్కువమందికి టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. మిగిలినవాళ్లకు కథలు రాయించడం, తాళ్లూ బల్లలతో గుంపుగా గుంటలు దాటించడం, గంటసేపు గుచ్చి గుచ్చి అడగడం. చివర్లో యంత్రం ముందు కూర్చోబెట్టి చేతులూ కాళ్లూ కళ్లూ ఎంత కలిసి పనిచేస్తాయో చూస్తారు. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష. జీవితంలో ఒకే ఒక్కసారి రాయనిస్తారు. తప్పితే సైన్యంలో ఇంకే కొలువుకైనా పోవచ్చు గానీ, పైలట్‌గా మళ్లీ ఆ గుమ్మం ఎక్కనివ్వరు. గ్రూప్స్ నాలుగోసారి రాస్తున్న చిక్కడపల్లి మిత్రులకు ఈ ముక్క చెప్తే నమ్మరు.

మీరు గట్టెక్కారు. ఇక దుండిగల్. బాలానగర్ దాటి, గండిమైసమ్మ దాటి, నర్సాపూర్ రోడ్డులో. 1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అది. లైబ్రరీలో కుర్చీ కోసం పరిగెత్తిన కాళ్లు ఇక్కడ తెల్లవారుజామున పరేడ్ గ్రౌండ్ చుట్టూ పరిగెడతాయి. స్విట్జర్లాండ్‌లో చేసిన పిలాటస్ విమానం మీద మొదటి పాఠాలు. ఒంటరిగా మొదటిసారి ఎగిరి దిగిన రోజు అమ్మకు ఫోన్ చేస్తారు. "ఒక్కడివే పోయినవా? ఎవరూ లేరా పక్కన?" అని ఆమె భయపడుతుంది.

తర్వాత మూడు దారులు. ఫైటర్లు, ట్రాన్స్‌పోర్ట్ విమానాలు, హెలికాప్టర్లు. అందరికీ ఫైటరే కావాలి. నోటీసు బోర్డు మీద మీ పేరు ఎదురుగా హెలికాప్టర్ అని ఉంటుంది. దసరా సెలవులకు ఇంటికొస్తే బాబాయి, "ఫైటర్ రాలేదారా?" అని జాలిగా అడుగుతాడు. ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ రాక సివిల్ వచ్చిన పిల్లాడిని అడిగినట్టే. ఆ జాలి ఎంత అమాయకమో తెలియడానికి ఒక్క ఉదయం చాలు, హకీంపేటలో.

హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ రాజీవ్ రహదారి మీద, చిక్కడపల్లికి ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ. వైమానిక దళం హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఇక్కడే. చేతక్ ఎక్కుతారు. ఫ్రెంచి వాళ్ల డిజైన్, మన హెచ్‌ఏఎల్ 1960ల నుంచి తయారు చేసింది. ఒకే ఇంజన్, గాజుబుడగ లాంటి ముందుభాగం. ఎడమ చేతిలో కలెక్టివ్, ఎత్తితే పైకి లేస్తుంది. కుడి చేతిలో సైక్లిక్, ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ల కింద పెడల్స్, ముక్కు ఎటు తిరగాలో అవి చెప్తాయి. వినడానికి ఇంతే.

ఇప్పుడు గురువు కంట్రోళ్లన్నీ మీకు ఇచ్చి, "హోవర్‌లో పట్టుకో" అంటాడు. నేలకు పది అడుగుల ఎత్తులో కదలకుండా నిలబెట్టాలి. మీరు కలెక్టివ్ కాస్త ఎత్తుతారు. రోటర్ ఒకవైపు తిరుగుతుంటే ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది, ముక్కు ఎడమకు పోతుంది. కుడి పెడల్ తొక్కుతారు. ఆ లోపు ముందుకు జారుతోంది. సైక్లిక్ వెనక్కి లాగుతారు, ఎక్కువ లాగేశారు. తోక కిందికి, ముక్కు పైకి. సరిదిద్దేలోపు పక్కకు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నిలబడ్డట్టు, కదిలిన ప్రతిసారీ నీళ్లు ఇంకోవైపు పోతాయి. మైదానమంతా మీదే, అయినా చాలదు. చొక్కా తడిసిపోతుంది. గురువు రెండు వేళ్లతో సైక్లిక్ ముట్టుకుంటాడు, చేతక్ గాల్లో కొక్కేనికి తగిలించినట్టు ఆగిపోతుంది.

"బిగించి పట్టుకోకు. ఆలోచించు, కదపకు" అంటాడు.

ఒకరోజు మధ్యలో, ఎందుకో తెలియకుండానే, అది నిలబడుతుంది. అప్పటినుంచి ఫైటర్ గురించి బాధపడటం మానేస్తారు.

దుండిగల్ పరేడ్‌లో భుజాల మీద ఫ్లయింగ్ ఆఫీసర్ పట్టీలు, ఛాతీ మీద రెక్కలు. రెండేళ్లకు ఫ్లయిట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు వింగ్ కమాండర్. ర్యాంకులు క్యాలెండర్ ఇస్తుంది. పనిమంతుడివన్న పేరు మాత్రం మంచుకొండలూ వరదలూ ఇస్తాయి. మీ చేతికి ఎంఐ-17వీ5 వస్తుంది. రష్యన్ యంత్రం. బరువెత్తితే పదమూడు టన్నులు, ఇరవై ఒక్క మీటర్ల రోటర్, అయిదు బ్లేడ్లు, రెండు ఇంజన్లు. ఇందులో కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చుంటాడు, చేతక్‌లోలా కుడివైపు కాదు. మధ్యలో మడతసీటు మీద ఫ్లయిట్ ఇంజనీర్, ఒక కన్ను ఎప్పుడూ గేజుల మీదే. ఈశాన్యంలో మబ్బు నిండిన లోయలు చూస్తారు. పర్వతాల మీద పల్చటి గాలిలో ఇంజన్ ఎంత మోయగలదో లెక్క వేస్తారు. ఇలాంటి యంత్రాలే 2023 జులైలో భూపాలపల్లి జిల్లా నైన్‌పాక దగ్గర వరదలో జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను పైకి తీశాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో బుడమేరు ముంచేసిన విజయవాడకు అన్నం పొట్లాలు మోశాయి. తెలుగువాళ్లు హెలికాప్టర్ పైలట్‌కు చేయెత్తి దండం పెట్టింది ఆ రోజుల్లోనే.

ఇన్నేళ్ల తర్వాత ఒక పోస్టింగ్ ఆర్డర్. పాలం, ఢిల్లీ. ఎయిర్ హెడ్‌క్వార్టర్స్ కమ్యూనికేషన్ స్క్వాడ్రన్. పెగాసస్ అంటారు. 1947 నవంబరులో పుట్టింది. రాష్ట్రపతి, ఉప రాష్ట్రపతి, ప్రధాని, వీళ్లను మోసేది ఈ స్క్వాడ్రనే. ఎవరినంటే వాళ్లను ఇక్కడ కూర్చోబెట్టరు. గంటల కొద్దీ ఎగిరిన అనుభవం కావాలి. బయట ఏమీ కనపడనప్పుడు కేవలం గేజులు చూసి నడపగలడని ఇచ్చే రేటింగుల్లో అన్నిటికంటే పైదైన మాస్టర్ గ్రీన్ కావాలి. పరీక్షాధికారులు పక్కన కూర్చుని, ఒక ఇంజన్ పోయిందనుకో, రేడియో పోయిందనుకో అంటూ మళ్లీ మళ్లీ తవ్వుతారు.

ఇక్కడొక పక్క మాట. ఈ స్క్వాడ్రన్ కోసమే పన్నెండు కొత్త అగస్టా వెస్ట్‌ల్యాండ్ హెలికాప్టర్లు కొనాలని 2010లో దాదాపు 3,600 కోట్లకు ఒప్పందం జరిగింది. లంచాల ఆరోపణలతో 2014 జనవరిలో రద్దయింది. కోర్టులు, అరెస్టులు, టీవీ చర్చలు, ఆ కథలో దళారుల పేర్లు దేశమంతా నోటికొచ్చేశాయి. ఆ సీట్లో కూర్చోవలసిన పైలట్ గురించి మాత్రం ఒక్క చర్చ జరగలేదు. మీరు మాత్రం మీ రష్యన్ యంత్రంతోనే ఉన్నారు, దాని మీద మీకు ఫిర్యాదేమీ లేదు.

సరే, ఇప్పుడు మీకు ముప్పై ఎనిమిదేళ్లు. శీతకాలం. హకీంపేటకే వచ్చారు, కానీ ఈసారి పిల్లాడిగా కాదు. రేపు శ్రీశైలం. రాష్ట్రపతి వెనక ఉంటారు. (ఆ 2022 ప్రయాణం సంగతి కాదు, అలాంటి ఒక ప్రయాణం అనుకోండి.)

ముందురోజే ట్రయల్ ల్యాండింగ్. సున్నిపెంటలో హెలిప్యాడ్ చుట్టూ ఆర్ అండ్ బీ వాళ్లు నీళ్లు చల్లుతున్నారు. చల్లకపోతే మీ రోటర్ కింది గాలికి దుమ్ము లేచి దిగే చోటే కనపడదు. మీ కళ్లు స్వాగత తోరణాల మీద పడవు, వాటిని కట్టిన పురికొస మీద పడతాయి. షామియానా మరీ దగ్గరగా ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు వదులుగా ఉన్నాయి. ఫ్లెక్సీ ఒకటి మూల ఊడి ఊగుతోంది. అది లేచి రోటర్‌లో పడితే ఏం జరుగుతుందో మీకు తెలుసు, దాన్ని కట్టినవాడికి తెలియదు.

"ఆ ఫ్లెక్సీ తీసేయండి."

"సార్, అది ఎమ్మెల్యేగారిది..."

"తీసేయండి."

తీసేస్తారు. అడ్డుచెప్పడం ఇంత చిన్నదానితో మొదలవుతుంది.

ఉదయం. యంత్రం చుట్టూ చేత్తో తడుముతూ తిరుగుతారు. వాతావరణం కాగితం చేతికొస్తుంది. శ్రీశైలం జలాశయం మీద పొగమంచు, ఎండెక్కాక విడిపోవచ్చు. వెనక తలుపు దగ్గర భద్రతాధికారులు. ఆమె వస్తారు, మీరు సెల్యూట్ చేస్తారు, ఆమె నమస్కారం చేస్తారు. ఆ కొద్ది క్షణాలే మీ ఇద్దరి పరిచయం. తర్వాత ఆమెకు మీ వీపు తప్ప ఏమీ కనపడదు.

లేస్తారు. వెంట ఇంకో రెండు హెలికాప్టర్లు, ఒకటి ఏమైనా అయితే ఎక్కించుకోవడానికి, ఒకటి మిగతా బలగానికి. ఎడమ కిటికీలోంచి ఊరు వెనక్కి జారుతుంది. హుస్సేన్ సాగర్, దానికి తూర్పున పచ్చగా ఇందిరా పార్కు, దాన్నానుకుని బూడిద రంగు డాబాల గుంపు. నల్ల సింటెక్స్ ట్యాంకులు వరుసగా. అది అశోక్‌నగర్. ఆ ట్యాంకుల మధ్య ఏదో ఒకదాని కింద మీ నాలుగు మంచాల రూము. చూసింది ఒక్క క్షణమే. సంక్రాంతి దగ్గర పడుతోంది, ఆ డాబాల మీద గాలిపటాలు లేస్తున్నాయి. గాలిపటాలన్నా, సాగర్ మీద తిరిగే గద్దలన్నా మీ కో-పైలట్‌కు ఇష్టం లేదు. "కిందకు రావొద్దు సర్" అంటాడు. రారు.

కృష్ణ దగ్గర పడుతుంటే నల్లమల మొదలవుతుంది. ముందు మంచు విడలేదు. కొండ అంచులు తెల్లటి దూదిలోకి పోయి మాయమవుతున్నాయి. కింద హెలిప్యాడ్ దగ్గర ముఖ్యులంతా నిలబడి ఉన్నారు, పూర్ణకుంభం సిద్ధం. దిగాల్సిన సమయం నిమిషంతో సహా రాసి ఉంది. కో-పైలట్ మిమ్మల్ని చూస్తాడు. ఏమీ అనడు.

ఈ అడవిలోనే ఇంకాస్త దక్షిణాన పావురాలగుట్ట ఉంది.

2009 సెప్టెంబరు 2. ఉదయం 8.38కి బేగంపేట నుంచి రాష్ట్ర ప్రభుత్వ బెల్ 430 లేచింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండ మొదలుపెట్టడానికి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వెళ్తున్నారు. ఆయనతో ప్రత్యేక కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ. ముందు సీట్లలో కెప్టెన్ ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి. భాటియా వైమానిక దళంలో గ్రూప్ కెప్టెన్‌గా చేసినవాడు, మీలాంటివాడే. పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీసు అయినా, పూర్తి సర్వీసు అయినా, దిగిపోయాక మీవాళ్లు చేరేది ఇలాంటి చోట్లే: రాష్ట్ర ప్రభుత్వాల హెలికాప్టర్లు, పవన్‌హన్స్, సముద్రంలో ఓఎన్‌జీసీ రిగ్గులకు మనుషుల్ని చేరవేసే కొలువులు. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆ హెలికాప్టర్ నల్లమలలో పడిపోయింది. రాష్ట్రమంతా ఆ పగలు, ఆ రాత్రి టీవీల ముందు కూర్చుంది. మరునాడు ఉదయం వైమానిక దళ హెలికాప్టర్ కర్నూలుకు తూర్పున ఆ గుట్ట మీద శిథిలాలు చూసింది. అయిదుగురూ లేరు.

దర్యాప్తు నివేదిక మీలాంటివాళ్లంతా చదివి ఉంటారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక ఒకటి వెలిగింది. దానికి ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు దాదాపు ఆరు నిమిషాలు దాని మీదే ఉండిపోయారు. ఆ లోపు దట్టమైన వానమబ్బుల్లోకి, కిందికి తోసే భయంకరమైన గాలిలోకి యంత్రం వెళ్లిపోయింది. చిన్న దీపం ఇద్దరినీ పట్టేసుకుంది, పెద్ద మబ్బును చూసేవాళ్లు లేకపోయారు. ఆరు నిమిషాలంటే లైబ్రరీ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు నడిచే సమయం కూడా కాదు.

దానికి ఏడేళ్ల ముందు, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి బయల్దేరిన ప్రైవేటు హెలికాప్టర్ కైకలూరు దగ్గర కూలింది. 2021 డిసెంబరు 8న మీ యంత్రమే, ఎంఐ-17వీ5, కూనూరు కొండల్లో కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన చిత్తూరు జిల్లా లాన్స్‌నాయక్ సాయితేజ కూడా పోయాడు. సూలూరులో 11.48కి లేచారు, 12.15కి దిగాలి, 12.08కి రాడార్ మీద లేరు. లోయలో వాతావరణం అనుకోకుండా మారి మబ్బులోకి వెళ్లడం, పైలట్‌కు దిక్కు తెలియకపోవడం కారణమని వైమానిక దళం చెప్పింది.

దిక్కు తెలియకపోవడం అంటే నేర్పు లేకపోవడం కాదు. మబ్బులోకి వెళ్లగానే కిటికీ తెల్లబడుతుంది. నిలువు ఏదో, అడ్డం ఏదో మనకు చెప్పేది కళ్లు. కళ్లు లేకపోతే చెవి లోపలి ద్రవం. ఆ ద్రవం అబద్ధం చెప్తుంది. నెమ్మదిగా పక్కకు ఒరుగుతుంటే నిటారుగా ఉన్నానంటుంది. సరిదిద్దితే ఒరిగిపోయానంటుంది. ఎన్ని వేల గంటలు ఎగిరినవాడికైనా ఆ చెవి అదే చెవి. గేజులను నమ్మి, సొంత ఒంటిని నమ్మకుండా ఉండాలి. కొండల మధ్య, నేలకు దగ్గరగా, తేరుకోవడానికి కొన్ని సెకన్లే ఉంటాయి.

ఇక ఇరాన్. 2024 మే 19. అధ్యక్షుడు ఇబ్రహీం రైసీ అజర్‌బైజాన్ సరిహద్దులో డ్యామ్ ప్రారంభించి తిరిగొస్తున్నారు. మూడు హెలికాప్టర్లు, సరిగ్గా మీ ప్రయాణంలో ఉన్నట్టే. అధ్యక్షుడిది పాత బెల్ 212, నడిపేది ఇరాన్ వైమానిక దళ కర్నల్. మబ్బు కనపడగానే పైకి ఎక్కమని మిగతా రెండింటికి చెప్పింది ఆ కెప్టెనేనని, ఇంకో హెలికాప్టర్లో ఉన్న అధికారి తర్వాత చెప్పాడు. ఆ రెండూ ఎక్కి ఇల్లు చేరాయి. అధ్యక్షుడున్నది రాలేదు.

కెన్నెడీలూ ట్రంప్‌లూ పచ్చిక మీద దిగే దృశ్యాలు చూసి ఇదేదో రాచఠీవి అనుకుంటాం. అమెరికా అధ్యక్షులు హెలికాప్టర్ ఎక్కడం మొదలైందే భయంతో. 1957 జులైలో ఐసెన్‌హోవర్ మొదటిసారి ఎక్కింది అణుదాడి జరిగితే వైట్‌హౌస్ నుంచి ఎలా పారిపోవాలో చూసే విన్యాసంలో. నడిపింది అమెరికా వైమానిక దళ మేజర్ ఒకాయన. అధ్యక్షుడికి ఏదైనా అయితే తన సంగతేమిటని ఆయనా ఆలోచించే ఉంటాడు.

నల్లమల మీద మీరింకా తేల్చుకోవాలి. మంచు ఇంకా కదలలేదు. జలాశయం దగ్గర ఒక చీలిక కనిపిస్తోంది, అందులోంచి దూరితే దూరొచ్చేమో. ఇంటర్‌కమ్‌లో వెనక నుంచి గొంతు. రాష్ట్రపతిది కాదు, వాళ్లు ఎప్పుడూ అడగరు. పక్కనుండే అధికారిది. "కెప్టెన్, ఇంకెంతసేపు? అక్కడ అందరూ వెయిటింగ్."

ఆ ఒక్క వాక్యం పదమూడు టన్నుల యంత్రం కంటే బరువు. ఎవరూ మిమ్మల్ని ఆజ్ఞాపించలేదు. చట్టప్రకారం ఈ యంత్రంలో చివరి మాట మీదే, వెనక సర్వసైన్యాధ్యక్షురాలు కూర్చున్నా సరే. కానీ దుండిగల్ నుంచి ఇప్పటివరకు మీ ఒంటికి పట్టించింది పై అధికారి మాట జవదాటకపోవడమే. సరిగ్గా ఈ సీట్లో అది వదిలించుకోవాలి. నా లెక్కలో ఈ కొలువు మొత్తం ఇక్కడే ఉంది, మిగతాది డ్రైవింగ్.

"మంచు విడలేదు సర్. వెనక్కి వెళ్తున్నాం. విడాక మళ్లీ వస్తాం."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత వెనక నుంచి మెల్లగా, "సరే" అని వినిపిస్తుంది. సైక్లిక్ ఎడమకు ఒరుగుతుంది. మూడు హెలికాప్టర్లూ వెనక్కి తిరుగుతాయి. ఎవరూ చప్పట్లు కొట్టరు. పేపర్లో రెండు లైన్లు వస్తాయి, మూడు గంటలు ఆలస్యమని. కింద పూర్ణకుంభం పట్టుకున్నవాళ్ల చేతులు నొప్పి పుట్టి కిందపెడతారు. అశోక్‌నగర్ టీకొట్టు దగ్గర ఎవరో ఫోన్లో వార్త చూసి, "గంత పెద్ద హెలికాప్టర్‌కి మంచు ఒక లెక్కా?" అంటాడు.

ఒత్తిడికి లొంగనివాళ్లు మనలో తక్కువ. లొంగకపోవడమే ఉద్యోగమైన వాళ్లు ఇంకా తక్కువ. 1977 నవంబరు 4న ప్రధాని మొరార్జీ దేశాయ్ విమానం రాత్రివేళ జోర్హాట్ దగ్గర పొలాల్లో దిగిపోయినప్పుడు దెబ్బంతా ముందుభాగం మీద పడింది. ఇదే స్క్వాడ్రన్‌కు చెందిన అయిదుగురు సిబ్బంది అక్కడికక్కడే పోయారు. వెనకున్న ప్రధాని నడిచి బయటికి వచ్చారు. ఆ విమానాన్ని నడిపిన వింగ్ కమాండర్ క్లారెన్స్ డి'లిమా పేరు మన పాఠాల్లో ఎక్కడా లేదు.

కాబట్టి ఒక మాట. ఎన్నికల సభకు నాయకుడు రాలేదని, వాతావరణం అనుకూలించక హెలికాప్టర్ వెనక్కి వెళ్లిందని మైకులో చెప్తే, ఎండలో కూర్చోబెట్టినందుకు ఆ నాయకుడిని తిట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పైలట్‌ను అనకండి. ఆ సభ విషయంలో ఆ రోజు సరిగ్గా పనిచేసింది ఆయనొక్కడే కావచ్చు.